టీమ్యాక్స్ 427, విట్రినైట్ 0.84: ఒకే షేల్‌కి ఇన్ని జవాబులెందుకు?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నని నాలుగు ముక్కల్లో చెప్తాను. ఎం.టెక్. ప్రాజెక్టు కోసం మీకు కృష్ణా–గోదావరి బేసిన్‌లో పశ్చిమ గోదావరి వైపు బావి ఒకదాని నుంచి రాఘవాపురం షేల్ కటింగ్స్ (బావి తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి ముక్కలు) ఇచ్చారు. 3,120 మీటర్ల లోతు శాంపిల్‌కి టీఓసీ, అంటే మొత్తం సేంద్రియ కార్బన్, 1.8 శాతం. రాయి పొడిని వేడిచేసి చూసే రాక్-ఎవాల్ యంత్రంలో ఎస్1 (ముందే విడిగా ఉన్న నూనె) 1.9, ఎస్2 (వేడికి కొత్తగా పుట్టేది) 2.1, టీమ్యాక్స్ (ఎస్2 జోరుగా వచ్చే ఉష్ణోగ్రత) 427 డిగ్రీల సెల్సియస్. విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (రాయిలోని పాత కలప తునకలు వెనక్కి పంపే వెలుగు) సగటు 0.84 శాతం. నూనెలో ఉండే సీ29 స్టెరేన్లనే అణువుల్లో, ముదిరేకొద్దీ పెరిగే 20ఎస్ రూపం వాటా 0.45. రాయి వేడికి ఎంత ముదిరిందో, అంటే దాని పరిపక్వత ఎంతో చెప్పాల్సిన అంకెలివి. టీమ్యాక్స్ ప్రకారం రాయి ఇంకా పచ్చిది. విట్రినైట్ ప్రకారం ఆయిల్ విండో (రాయిలో నూనె పుట్టే దశ) నడిమధ్యలో ఉంది. ఎస్1ని ఎస్1, ఎస్2ల మొత్తంతో భాగిస్తే వచ్చే పీఐ 0.48, అంటే ఆయిల్ విండో దాదాపు అయిపోయినట్టు. మూడింటికీ సగటు కట్టి రాసెయ్యచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. మండపేట ప్రాంతంలో గ్యాస్ దొరికింది కాబట్టి ఈ షేల్ గ్యాస్ దశకి చేరిపోయినట్టేనా అన్నది రెండోది.

సగటు కట్టకండి. నా అంచనా ముందే చెప్పేస్తాను: ఈ రాయి అసలు రిఫ్లెక్టెన్స్ 0.70 నుంచి 0.78 మధ్య ఉంది. ఆయిల్ విండోలోకి వచ్చింది, నూనె పుట్టుక బాగా ఊపందుకునే దశకి ఇంకా చేరలేదు. దీనికి ఆధారం మీరు జతచేసిన విట్రినైట్ రీడింగుల హిస్టోగ్రామ్‌లోనూ, రాక్-ఎవాల్ గీసిన గ్రాఫు పైరోగ్రామ్‌లోనూ ఉంది, ఎక్సెల్ పట్టికలో లేదు. ల్యాబ్ నుంచి పట్టిక రాగానే గ్రాఫులు తెరిచి చూడకుండా అంకెలతో ముందుకు వెళ్లిపోయే అలవాటు విద్యార్థుల్లోనే కాదు, కంపెనీల్లో పనిచేసేవాళ్లలోనూ చూస్తున్నాను. మీరు గ్రాఫులు కూడా పంపారు, అందుకే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను.

ఒక్కో పద్ధతి ఒక్కో పదార్థాన్ని కొలుస్తుంది. టీమ్యాక్స్ వచ్చేది రాయిలో ఇంకా మిగిలి ఉన్న కెరోజెన్ (వేడికి నూనె, గ్యాస్‌గా మారే గట్టి సేంద్రియ పదార్థం) మొత్తం నుంచి. విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ కొలిచేది ఆనాటి చెట్ల కలప నుంచి మిగిలిన సన్నటి తునకల్ని. స్టెరేన్లు వచ్చేది రాయిలోంచి ద్రావకంలోకి దిగిన నూనె నుంచి. ఆ మూడూ ఒకే రాయిలో పుట్టి, ఒకే వేడి తిని ఉంటే లెక్కలు కొద్ది తేడాతో కలవాలి. కలవలేదంటే వాటిలో ఏదో ఒకటి బయటినుంచి వచ్చి చేరింది. ఆ బయటిది ఏదో పట్టుకోవడమే మీ పని. దాన్ని కలిపి సగటు తీస్తే, పరాయి పదార్థానికి మీ రాయిలో వాటా ఇచ్చినట్టవుతుంది.

పరాయి పదార్థం సంగతికి వెళ్లే ముందు ఒక అపోహ తీసెయ్యాలి. మీ చిత్తుప్రతిలో "ఈ షేల్ గరిష్ఠంగా 427 డిగ్రీల వేడికి గురైంది" అని ఒక వాక్యం ఉంది. దాన్ని కొట్టెయ్యండి. రాక్-ఎవాల్ 1970ల్లో ఫ్రెంచ్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన యంత్రం. ఎస్పిటాలియే బృందం 1977లో ఆ పద్ధతిని ప్రచురించింది. పొడి చేసిన రాయిని మొదట 300 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే, అప్పటికే విడిగా ఉన్న హైడ్రోకార్బన్లు ఆవిరై ఎస్1గా నమోదవుతాయి. తర్వాత నిమిషానికి 25 డిగ్రీల చొప్పున వేడి పెంచుకుంటూ పోతే కెరోజెన్ పగిలి ఎస్2 ఇస్తుంది. ఆ ఎస్2 అన్నిటికంటే జోరుగా వచ్చే క్షణంలోని ఉష్ణోగ్రతే టీమ్యాక్స్. అది యంత్రంలోని వేడి. భూమిలో ఆ రాయి చూసింది బహుశా 110, 130 డిగ్రీలే. దాలిలో పొద్దంతా కాగిన పాలకి వచ్చే ఎర్రదనం, గ్యాస్ పొయ్యి మీద పది నిమిషాల్లో తెప్పించాలంటే ఎంత మంట పెట్టాలో ఆలోచించండి. భూమిది కోట్ల ఏళ్ల సన్నసెగ, యంత్రానిది నిమిషాల పెనుమంట. అంత తక్కువ సమయంలో అదే రసాయన చర్య జరగాలంటే మూడు వందల డిగ్రీలు అదనంగా పెట్టాలి. పైగా ముందే ముదిరిన కెరోజెన్‌లో సులభంగా తెగే బంధాలు అయిపోయి ఉంటాయి, మిగిలినవి తెగాలంటే ఇంకా వేడి కావాలి. రాయి ముదిరేకొద్దీ టీమ్యాక్స్ పెరిగేది అందుకే.

ఇక మీ పైరోగ్రామ్. ఎస్2 శిఖరం ఎడమ వైపు, 360–400 డిగ్రీల మధ్య ఒక ఉబ్బు ఉంది చూడండి. శుభ్రమైన షేల్‌లో ఎస్2 గంట ఆకారంలో లేచి దిగుతుంది. ఎడమ భుజం ఉబ్బిందంటే, కెరోజెన్ పగలడానికి ముందే ఏదో బరువైన పదార్థం ఆవిరవుతోంది లేదా పగులుతోంది. 300 డిగ్రీల దగ్గర బయటికి రాలేనంత బరువు కాబట్టి ఎస్1లో పడలేదు, కెరోజెన్ అంత గట్టిది కాదు కాబట్టి ఎస్2లో ముందు వరసలో వచ్చింది. అది అసలు శిఖరాన్ని ఎడమకి లాగేసింది. 427 అన్న అంకె అలా వచ్చింది.

దీన్ని ఇంకో లెక్కతో సరిచూడచ్చు. ఎస్2ని టీఓసీతో భాగించి వందతో గుణిస్తే హైడ్రోజన్ ఇండెక్స్ 117. అదే లెక్క ఎస్1కి కడితే 106. అంటే గ్రాము సేంద్రియ కార్బన్‌కి 117 మిల్లీగ్రాములు మాత్రమే ఇవ్వగల కెరోజెన్ పక్కన, 106 మిల్లీగ్రాముల నూనె ఇప్పటికే సిద్ధంగా ఉంది. ఆ నూనె అంతా ఈ కెరోజెన్‌లోనే పుట్టిందనుకుంటే, అది తన శక్తిలో సగానికి దగ్గరగా ఖర్చు పెట్టేసి ఉండాలి. అలా ఖర్చు పెట్టిన రాయికి టీమ్యాక్స్ 427 రానే రాదు, 440 పైనే ఉండాలి. ఈ రెండూ ఒకే రాయి చెప్పే మాటలు కావు. ఎస్1ని టీఓసీతో పోల్చినప్పుడు వంద దాటితే, ఆ నూనె ఎక్కడిదని అడగడం ఈ రంగంలో అలవాటుగా పెట్టుకోవాల్సిన ప్రశ్న.

ఎక్కడిది మరి? రెండు దారులున్నాయి. కింది పొరల నుంచి ఎక్కివచ్చిన నూనె కావచ్చు. లేదా డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం. మన బావుల్లో షేల్ కూలిపోకుండా సల్ఫొనేటెడ్ ఆస్ఫాల్ట్ కలపడం మామూలే, మడ్ పల్చబడటానికి క్రోమ్ లిగ్నైట్ వేస్తారు, పైపు పట్టేసినప్పుడు డీజిల్ పంపించిన సందర్భాలూ ఉంటాయి. ఈ మూడూ మీ మూడు అంకెల్నీ మూడు రకాలుగా చెడగొట్టగలవు. కాబట్టి ల్యాబ్‌కి మళ్లీ వెళ్లే ముందు బావి మడ్ రిపోర్టు తెప్పించుకోండి. ఏ లోతులో ఏ రోజు ఏం కలిపారో అందులో వరసగా ఉంటుంది. జియోకెమిస్ట్రీ ప్రాజెక్టు చేసేవాళ్లు అడిగే మొదటి కాగితం అదే కావాలి. చాలామంది అసలు అడగరు.

ఆ తర్వాత శాంపిల్‌ని గోరువెచ్చని నీటితో బాగా కడిగి (సల్ఫొనేటెడ్ ఆస్ఫాల్ట్‌లో కొంత భాగం నీటికే పోతుంది), ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని పదేపదే పొడిలోంచి దింపే పరికరం) డైక్లోరోమీథేన్‌తో ద్రావకం తేటగా దిగేదాకా ఎక్స్‌ట్రాక్ట్ చేయించండి. మిగిలిన పొడిని మళ్లీ రాక్-ఎవాల్‌లో పెట్టండి. ఉబ్బు మాయమై, ఎస్2 తగ్గి, టీమ్యాక్స్ 438–440 దగ్గరికి వస్తే నా అంచనా నిలబడినట్టు. ఎక్స్‌ట్రాక్షన్ తర్వాత కూడా ఉబ్బు కదలకపోతే అది ద్రావకంలో కరగని పదార్థం. లిగ్నైట్ పొడి గానీ, పై పొరల నుంచి రాలిపడిన పచ్చి షేల్ ముక్కలు గానీ అయ్యుంటాయి. అప్పుడు కటింగ్స్‌ని బైనాక్యులర్ కింద పెట్టి, రాఘవాపురం షేల్‌కి చెందిన ముదురు బూడిద రంగు ముక్కల్ని చిమటాతో ఒక్కొక్కటే ఏరుకోవడం తప్ప దారి లేదు. ఓపిక కావాలి, కానీ అరగ్రాము ఏరినా రాక్-ఎవాల్‌కి సరిపోతుంది.

438–440 అన్న అంకె ఎలా చెప్పానంటారా? టీమ్యాక్స్‌ని 0.0180తో గుణించి 7.16 తీసేస్తే విట్రినైట్‌కి సమానమైన విలువ వస్తుందన్న సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. టెక్సస్‌లోని బార్నెట్ షేల్ మీద జార్వీ బృందం 2001లో ఇచ్చింది. మీ 427కి అది 0.53 ఇస్తుంది. నేను విట్రినైట్ నుంచి తీసిన 0.74కి (ఎలా తీశానో కింద చెప్తాను) 439 ఇస్తుంది. ఈ సూత్రాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడేస్తున్నారు, అది నాకు నచ్చదు. కెరోజెన్‌ని అది దేని నుంచి పుట్టిందన్నదాన్ని బట్టి రకాలుగా విడదీస్తారు. బార్నెట్‌లో ఉన్నది సముద్రపు టైప్-2 కెరోజెన్. మీ షేల్‌లో చెట్ల వాటా బాగా ఉంది, టైప్-3 వైపు మొగ్గుతుంది. ఎక్కువగా సరస్సుల నాచు నుంచి వచ్చే టైప్-1 కెరోజెన్ అయితే ముదిరినా టీమ్యాక్స్ 440 పరిసరాల్లోనే తచ్చాడుతుంది, సూత్రం పూర్తిగా పనికిరాదు. దీన్ని సరిచూడటానికి మాత్రమే వాడండి, రిపోర్టులో టీమ్యాక్స్ నుంచి లెక్కకట్టిన రిఫ్లెక్టెన్స్‌ని కొలిచిన రిఫ్లెక్టెన్స్‌తో ఒకే కాలమ్‌లో ఎప్పుడూ పెట్టకండి. ఇంకొక మాట: ఎస్2 0.2 కంటే తక్కువైతే టీమ్యాక్స్ అంకెని అసలు చూడద్దు. శిఖరమే లేని చోట యంత్రం ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది.

ఇప్పుడు విట్రినైట్. నేను ఎక్కువ కాలం గడిపింది ఈ మైక్రోస్కోపు ముందే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

షేల్ ముక్కల్ని రెసిన్‌లో పోతపోసి, అరగదీసి, చివరికి 0.05 మైక్రాన్ అల్యూమినాతో మెరుగు పెడతారు. లెన్స్‌కీ శాంపిల్‌కీ మధ్య 1.518 వక్రీభవన గుణకం ఉన్న నూనె చుక్క వేసి, 546 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో, ఆ తునక పడిన వెలుగులో ఎంత శాతం వెనక్కి పంపుతోందో కొలుస్తారు. తునకలు చాలాసార్లు పది మైక్రాన్లు కూడా ఉండవు. కంటికి ముందు కొట్టొచ్చినట్టు కనిపించేది పైరైట్, పసుపు తెలుపులో మెరుస్తుంది. అది పక్కనే ఉంటే దాని వెలుగు కొలతలోకి చొరబడి విలువ పెంచేస్తుంది. నలుపుకి దగ్గరగా, ఫ్లోరెసెంట్ కాంతి వేస్తే పసుపుగా గానీ నారింజగా గానీ వెలిగేవి లిప్టినైట్లు. తెల్లగా, అంచులు పదునుగా, ఒక్కోసారి కణాల గోడలు కనిపిస్తూ ఉండేవి ఇనర్టినైట్లు. వీటి మధ్యలో నునుపుగా, గీతలు లేకుండా, మధ్యరకం బూడిద రంగులో ఉండేది విట్రినైట్. చెప్పినంత తేలిగ్గా కనిపించదు. ఇనర్టినైట్ కుటుంబంలోని సెమీఫ్యూజినైట్ విట్రినైట్ నుంచి తెలుపు దాకా అన్ని ఛాయల్లోనూ ఉంటుంది. ఘనబిటుమెన్ (రాయిలో గట్టిపడిపోయిన నూనె) కూడా అచ్చం విట్రినైట్ లాగే కనిపిస్తుంది, కాకపోతే అది ఖనిజాల మధ్య ఖాళీల ఆకారం తీసుకుని ఉంటుంది. విట్రినైట్‌కి తన ఆకారం తనకుంటుంది.

అందుకే సగటు కన్నా హిస్టోగ్రామ్ ముఖ్యం. మీ 22 రీడింగులు మూడు గుంపులుగా విడిపోయాయి. 0.35–0.45 మధ్య నాలుగు, 0.68–0.80 మధ్య పదకొండు, 1.1–1.4 మధ్య ఏడు. ల్యాబ్‌వాళ్లు మూడింటినీ కలిపి 0.84 అన్నారు. గమనించండి, 0.80కీ 1.1కీ మధ్య మీకు ఒక్క రీడింగు కూడా లేదు. ఆ రాయిలో 0.84 ఉన్న తునక ఒక్కటీ దొరకలేదు, సగటు మాత్రం 0.84 అయ్యింది.

కింది నలుగురిని తీసుకుందాం. 0.40 అంటే లిగ్నైట్ స్థాయి. 3,000 మీటర్ల కింద, 0.7 తునకల పక్కన, అదే రాయిలో పుట్టి 0.40 దగ్గర ఆగిపోయిన విట్రినైట్ ఉండటం కష్టం. మడ్‌లో వేసిన క్రోమ్ లిగ్నైట్ అయ్యుంటుంది, లేకపోతే పైనుంచి రాలిన ముక్క. మీ మైక్రోఫోటోల్లో ఆ తునకలు షేల్ ముక్క లోపల ఉన్నాయా, రెసిన్‌లో విడిగా తేలుతున్నాయా చూడండి. విడిగా తేలుతుంటే నిస్సందేహంగా మడ్‌వే. షేల్ లోపల ఇరుక్కుని ఉంటే, ఆ షేల్ ముక్కే పై పొరల నుంచి రాలిందేమో చూడాలి. ఇలాంటి చోట ఒక సైడ్‌వాల్ కోర్ (బావి గోడ నుంచి నేరుగా తీసిన రాతి ముక్క) ఉంటే ఈ గొడవంతా తీరిపోతుంది.

పై ఏడుగురి సంగతి ఇంకా ఆసక్తికరం. ఇవి పాత రాళ్లు కోసుకుపోయి వచ్చి చేరిన విట్రినైట్ అని మీరు రాశారు. గోదావరి లోయ ఎగువన గోండ్వానా బొగ్గు పొరలున్నాయి కాబట్టి ఆలోచన సహజమే. కానీ సింగరేణి బొగ్గు ఈ రోజుకీ సబ్-బిటుమినస్, హై వొలటైల్ బిటుమినస్ స్థాయిల్లోనే ఉంది. ఆ బొగ్గులోని విట్రినైట్ కొట్టుకువచ్చి ఈ షేల్‌లో పూడిపోయినా, దాని విలువ 1.25కి ఎలా ఎక్కుతుంది? ఈ షేల్‌తో పాటే ముదిరి దీని దగ్గర్లోనే ఉండాలి. గోండ్వానా బొగ్గుల్లో ఇనర్టినైట్ చాలా ఎక్కువని గుర్తుచేసుకోండి. ఇనర్టినైట్ పుట్టుకతోనే తెల్లగా ఉంటుంది, వేడితో పెద్దగా పనిలేదు. ఆ ఏడూ సెమీఫ్యూజినైట్ తునకలని నా నమ్మకం. కొట్టుకొచ్చినవైనా, ఆ కాలపు అడవుల మంటల్లో పుట్టినవైనా, పరిపక్వత లెక్కలో వాటికి చోటు లేదు.

మిగిలిన పదకొండు ఇరుగ్గా ఒక్కచోట ఉన్నాయి, సగటు 0.74. పదకొండు తక్కువే. బొగ్గుకైతే నూరు పాయింట్లు తీస్తారు, షేల్‌కి కనీసం ఇరవై ఉంటే మంచిది. ఇంకో పెల్లెట్ (రెసిన్‌లో పోతపోసిన బిళ్ల) చేయించి ఈ గుంపులో ఇరవై దాకా తెచ్చుకోండి. హైడ్రోజన్ ఎక్కువున్న షేల్‌లలో విట్రినైట్ విలువ ఉండాల్సినదానికన్నా తక్కువ చూపించే జబ్బు కూడా ఉంది, దాన్ని సప్రెషన్ అంటారు. మీ హైడ్రోజన్ ఇండెక్స్ 117, అదీ మలినంతో కలిపి. కాబట్టి ఇక్కడ ఆ భయం అక్కర్లేదు.

స్టెరేన్లకి వద్దాం. 20ఎస్ వాటా 0.52–0.55 దగ్గర సమతుల్యానికి చేరి ఆగిపోతుంది. ఆ స్థాయి సుమారుగా 0.8 రిఫ్లెక్టెన్స్‌కి సరిపోతుంది. మీ 0.45 దానికి కొద్దిగా ముందు ఉంది, 0.74తో చక్కగా కలుస్తుంది. స్టెరేన్ల లాంటివే అయిన హోపేన్లకి మీరు ఇచ్చిన 22ఎస్ వాటా 0.59 ఎప్పుడో సమతుల్యానికి చేరినది. ఆయిల్ విండో గుమ్మం దాటిందని మాత్రమే చెప్తుంది, ఇంకేమీ చెప్పదు. అయితే ఇక్కడే ఒక మెలిక. స్టెరేన్లు వచ్చింది ఎక్స్‌ట్రాక్ట్ నుంచి. ఎక్స్‌ట్రాక్ట్‌లో పరాయి నూనె ఉందని పైన మనమే అనుమానించాం. ఆ నూనె డీజిల్ అయితే బెంగలేదు, డీజిల్ తేలికపాటి భాగం కాబట్టి అందులో సీ29 స్టెరేన్లు లెక్కలోకి వచ్చేంత ఉండవు. కానీ డీజిల్ పరిధిలోనే ఫెనాంత్రీన్లు ఉంటాయి కాబట్టి వాటితో కట్టే మరో పరిపక్వత కొలత, మిథైల్‌ఫెనాంత్రీన్ ఇండెక్స్ మీద ఆధారపడకండి. ఆ పరాయి నూనె ఆస్ఫాల్ట్ గానీ, ఎక్కివచ్చిన ముడినూనె గానీ అయితే స్టెరేన్లు వాటివే అయ్యే ప్రమాదం ఉంది, 0.45 మీ షేల్ గురించి ఏమీ చెప్పనట్టే. తేల్చడానికి గ్యాస్ క్రొమాటోగ్రామ్ చాలు. నార్మల్ ఆల్కేన్లు సీ12–సీ22 మధ్యే గుమిగూడి ఆ తర్వాత హఠాత్తుగా ఆగిపోతే డీజిల్. ఆ మడ్‌కి కలిపిన ఆస్ఫాల్ట్ చిటికెడు దొరికితే దాన్నీ పక్కన నడిపించి, రెండింటి స్టెరేన్ ముద్రలు పోల్చండి.

మీరు అడిగిన మిగతా పద్ధతుల గురించి క్లుప్తంగా. బీజరేణువుల రంగు, అంటే స్టాప్లిన్ 1969లో ఇచ్చిన టీఏఐ (వేడికి వచ్చిన మార్పు సూచిక), మీ షేల్‌కి బాగా పనికొస్తుంది. పాలినాలజీ స్లైడ్లు ఎలాగూ ఉంటాయి, రంగు పసుపు-నారింజ నుంచి లేత గోధుమకి మారుతున్న దశలో ఉండాలి. కంటితో అంచనా కాబట్టి పక్కన సాక్ష్యంగానే పెట్టుకోండి. కోనోడాంట్ల (పళ్లలాంటి శిలాజాలు మిగిల్చిన సముద్ర జీవులు) రంగు ఇక్కడ కుదరదు, ఆ జీవులు ట్రయాసిక్‌తోనే అంతరించాయి, మీ షేల్ క్రెటేషియస్‌ది. కడప బేసిన్‌లోనూ ఇదే చేద్దామనుకుంటున్నానన్నారు. అక్కడ విట్రినైటే దొరకదు. ఆ రాళ్లు ప్రొటెరోజోయిక్‌వి, నేల మీద చెట్లు పుట్టింది అవి ఏర్పడిన ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత. అలాంటి చోట ఘనబిటుమెన్ రిఫ్లెక్టెన్స్ కొలిచి, దాన్ని 0.618తో గుణించి 0.40 కలిపి విట్రినైట్‌కి సమానంగా మార్చుకుంటారు. జాకబ్ 1989లో ఇచ్చిన సూత్రం అది.

ఒక్క శాంపిల్‌తో ఆగిపోకండి. మీ దగ్గర అదే బావిలో పైకీ కిందికీ ఇంకా శాంపిల్స్ ఉన్నాయి. హిస్టోగ్రామ్‌లు శుభ్రం చేసి, రిఫ్లెక్టెన్స్‌ని లాగ్ స్కేలు మీద, లోతుని మామూలు స్కేలు మీద వేయండి. మామూలుగా దాదాపు సరళరేఖ వస్తుంది. దాన్ని పైకి పొడిగిస్తే నేల మట్టం దగ్గర 0.20–0.25కి తగలాలి. అక్కడ 0.35కో 0.40కో తగిలితే, ఒకప్పుడు పైన ఉన్న పొరలు కోసుకుపోయాయన్నమాట. ఎంత మందం పోయిందో ఆ రేఖ నుంచే అంచనా కట్టచ్చు. 3,120 దగ్గర 0.74 పెడితే ఆ రేఖ మీద కూర్చుంటుందా, 0.84 పెడితే కూర్చుంటుందా చూడండి. నా మాట కన్నా మీ గైడ్ గారు ఆ రేఖని ఎక్కువ నమ్ముతారు, నమ్మాలి కూడా.

ఆ రేఖలో రాజోలు లావా దగ్గర గెంతు కనిపిస్తుందేమోనని మీరు భయపడ్డారు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో పైకి కనిపించే 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్టే బేసిన్‌లో కిందికి దిగి రాజోలు లావా అయ్యింది. అది నేల మీద పారిన లావా. పైకి తెరుచుకుని ఉండటంతో వేడిలో చాలా భాగం గాలిలోకీ నీటిలోకీ పోతుంది, కింద కొద్ది మీటర్ల మట్టి మాత్రం కాలుతుంది. మీ షేల్‌కీ దానికీ మధ్య తిరుపతి శాండ్‌స్టోన్ అంతా అడ్డంగా ఉంది. పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చిన డైక్, సిల్ అయితే వేరే సంగతి, తన మందానికి ఒకటి రెండు రెట్ల దూరం దాకా రాయిని మాడ్చేస్తుంది. ఝరియా గనుల్లో ఇలా మాడిన బొగ్గుని కార్మికులు ఝామా అంటారు. లాగ్‌లలో మీ షేల్ దగ్గర్లో అలాంటి చొరబాటు లేకపోతే లావా గురించి ఒక వాక్యం రాసి వదిలెయ్యండి.

ఆ తర్వాతే మోడలింగ్, అంటే రాయి ఎప్పుడు ఎంత వేడి చూసిందో లెక్కకట్టి రిఫ్లెక్టెన్స్ ఊహించడం. లోపాటిన్ 1971లో పదేసి డిగ్రీలకి చర్య వేగం రెట్టింపవుతుందని చెప్పి కట్టిన కాల-ఉష్ణోగ్రత సూచికని వేపుల్స్ 1980లో ప్రపంచానికి పరిచయం చేశాడు. ఇప్పుడు అందరూ వాడేది స్వీనీ, బర్న్‌హమ్ 1990లో ఇచ్చిన ఈజీ-ఆర్ఓ లెక్క. మోడల్‌లో మిమ్మల్ని ముంచేది లెక్క కాదు, ఉష్ణోగ్రత. నేల మట్టం 30 డిగ్రీలనుకుని, కిలోమీటరుకి 30 చొప్పున వేస్తే 3,120 మీటర్ల దగ్గర 124 డిగ్రీలు. 35 చొప్పున వేస్తే 139. ఈ పదిహేను డిగ్రీల తేడా రిఫ్లెక్టెన్స్‌ని రమారమి 0.2 మేర కదిలించగలదు, అంటే మన వివాదం మొత్తం అందులో మునిగిపోతుంది. లాగ్ హెడర్‌లో రాసిన బావి అడుగు ఉష్ణోగ్రత నేరుగా తీసుకోకండి. తిరిగే మడ్ రాయిని చల్లబరుస్తుంది కాబట్టి అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఒకే లోతులో వేర్వేరు గంటల్లో తీసిన రీడింగులుంటే వాటి నుంచి రాయి అసలు వేడిని అంచనా కట్టే హార్నర్ పద్ధతిలో సరిచేయండి. మోడల్‌ని కొలిచిన విట్రినైట్‌కి సరిపెట్టాలి. మోడల్‌కి సరిపోయే గుంపుని హిస్టోగ్రామ్‌లో ఏరుకుంటే అది పరిశోధన అవదు.

రెండో ప్రశ్నకి నా జవాబు: కాదు. మండపేట శాండ్‌స్టోన్ పెర్మియన్–ట్రయాసిక్ కాలానిది. దాని కిందే పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం పొర ఉంది, బొగ్గూ షేలూ కలిసి. ఆ గ్యాస్‌కి మూలంగా ప్రధానంగా చూసేది దాన్ని. అది మీ షేల్ కన్నా చాలా కింద ఉంటుంది, ఎక్కువ వేడి తిన్నది. అక్కడి గ్యాస్‌ని చూసి పైనున్న రాఘవాపురం షేల్ పరిపక్వత నిర్ణయించకూడదు. రెండో సంగతి, టైప్-3 కెరోజెన్ ఆయిల్ విండోలో ఉండగానే గ్యాస్ ఇస్తుంది. 0.74 దగ్గర గ్యాస్ వచ్చిందంటే కెరోజెన్ రకం అలాంటిదని అర్థం, రాయి మాడిపోయిందని కాదు. మూడోది, మీథేన్‌కి వేడే అక్కర్లేదు. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ నౌక మీద జరిగిన జాతీయ గ్యాస్ హైడ్రేట్ యాత్రలో కృష్ణా–గోదావరి సముద్రపు అడుగున దొరికిన హైడ్రేట్లలోని మీథేన్ సూక్ష్మజీవులు చేసినది. ఆ మట్టి పరిపక్వతకి ఆమడ దూరంలో ఉంది.

కాబట్టి గ్యాస్ గురించి ఏదైనా రాయాలనుకుంటే ముందు కార్బన్ ఐసోటోపులు అడగండి. మీథేన్ డెల్టా-13సి (బరువైన కార్బన్-13 వాటా కొలత, వెయ్యికి ఇన్ని అని చెప్తారు) మైనస్ 60 కన్నా తేలికైతే, ఈథేన్, ప్రొపేన్ నామమాత్రంగా ఉంటే సూక్ష్మజీవుల గ్యాస్. అంతకన్నా బరువైతే వేడి వల్ల పుట్టినది, అప్పుడు ఈథేన్, ప్రొపేన్ ఐసోటోపులు కూడా చూసి అది ఏ మూలశిల నుంచి వచ్చిందో పోల్చుకోవాలి. మీ బావిలో మడ్ గ్యాస్ శాంపిల్స్ ఐసోట్యూబ్‌లలో (గ్యాస్ భద్రపరిచే గొట్టాలు) తీసి ఉంటే ఈ పని రెండు వారాల్లో అయిపోతుంది. ఎక్స్‌ట్రాక్ట్ చేసిన పొడి టీమ్యాక్స్, రెండో పెల్లెట్ హిస్టోగ్రామ్ వచ్చాక ఇక్కడే పెట్టండి, టీమ్యాక్స్ 438కి తక్కువ వస్తే ఏ ముక్కలు ఏరాలో ఫోటోలు చూసి చెప్తాను.